పక్కింటి వ్యాన్ మన కారుని గీస్తే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వీధి వెడల్పు పద్నాలుగు అడుగులే. ఇంట్లో కారు పట్టే చోటు లేక గోడవారగా వీధిలోనే పెడుతున్నాం. పక్కింటాయన కిరాణా సరుకు టోకున అమ్ముతారు. ఆయన చిన్న వ్యాన్‌కి ఆంధ్రా నంబరు, ఏపీ 30. రోజూ పొద్దున్నే మా కారు పక్కనే ఆపి సరుకు దింపుతారు. ఎనిమిది నెలల కింద మా కారు కుడివైపు వెనక తలుపుకి సొట్ట పడింది. అయిదు నెలల కింద వెనక బంపర్ మీద గీత పడింది. పోయిన వారం కుడివైపు అద్దం విరిగింది. అద్దం విరగడం పాలవాడు కళ్లారా చూశాడు, మిగతా రెండూ ఎవరూ చూడలేదు. అడిగితే "రోడ్డు మీద పెట్టుకుంటే తగలదా" అంటున్నారు. కారు కొని నాలుగో ఏడు, ఇంతవరకూ ఇన్సూరెన్సులో ఒక్క క్లెయిమూ పెట్టలేదు. మా ఆయన కోపంతో ఆ వ్యాన్‌ని మేకుతో గీసేస్తానంటున్నారు. మావయ్యగారేమో ఇరుగుపొరుగుతో తగువొద్దు, ఊరుకోమంటున్నారు. ఇన్నాళ్లూ ఆయన్ని భాయినా (ఒడియాలో అన్నయ్య) అనే పిలిచాం. పోలీసులకి చెప్పాలా, ఇన్సూరెన్సులో పెట్టుకోవాలా? బండి ఆంధ్రాది కాబట్టి ఒడిశాలో కేసు నడవదంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు మీ ఆయన్ని ఆ ఆలోచన మానుకోమనండి. కోపం న్యాయమైనదే, కానీ చట్టం ఎదుట ఆయన గీసే ఒక్క గీత పక్కింటాయన చేసిన మూడింటికన్నా పెద్ద నేరం అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం, ఎదుటివాళ్లకి నష్టం కలిగించాలన్న ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసో ఆస్తిని పాడుచేస్తే నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నష్టం 20,000 రూపాయలకు చేరితే రెండేళ్ల దాకా వెళుతుంది. సరుకు దింపే తొందరలో తలుపు తగిలించడం అజాగ్రత్త. మేకు తీసుకుని వెళ్లి గీయడం ఉద్దేశం. ఈ పని చేశాక పాలవాడి సాక్ష్యం కూడా మీకు అక్కరకు రాదు.

మావయ్యగారి మాటలోనూ సగమే ఒప్పుకోగలం. తగువు వద్దు, నిజమే. కానీ ఊరుకున్నందుకే ఒక సొట్ట మూడు దెబ్బలయింది. మీరు అడగాల్సింది ఆయన పశ్చాత్తాపం కాదు, ఫలానా నష్టానికి ఫలానా డబ్బు, ఫలానా తారీఖులోగా. క్షమాపణ అడిగితే పెద్దమనిషికి పరువు అడ్డొస్తుంది. మూడు వేల రూపాయల అద్దం అడిగితే అది లెక్క మాటలా ఉంటుంది, వ్యాపారం చేసే మనిషికి లెక్క మాట అర్థమవుతుంది.

అడగడానికి ముందు ఆధారం పోగుచెయ్యాలి. ఈ పని ఇవాళే చెయ్యండి, ఎందుకంటే వాన పడినా, ఎవరైనా గుడ్డతో తుడిచినా సగం జాడ పోతుంది. కారుని కదపకముందే, నంబరు ప్లేటూ మీ ఇంటి గోడా రెండూ కనబడేలా దూరం నుంచి ఒక ఫొటో తీయండి. తర్వాత దెబ్బ తగిలిన పలక మొత్తం పడేలా ఇంకోటి. ఆ తర్వాత దగ్గరగా, పక్కన టేపు పెట్టి. ఎండ నేరుగా పడేటప్పుడు సొట్ట ఫొటోలో కనపడదు. ఉదయమో సాయంత్రమో ఏటవాలు వెలుతురులో, గోడ నీడో కరెంటు తీగ నీడో పలక మీద పడి వంకర తిరిగేలా నిలబడి తీస్తే లోతు తెలుస్తుంది.

తలుపు సొట్ట విషయంలో ఎవరూ చూడలేదన్నారు కాబట్టి ఎత్తు కొలవడం ముఖ్యం. నేల నుంచి సొట్ట మధ్యకి ఎన్ని సెంటీమీటర్లో చూసుకోండి. వ్యాన్ ఆగి ఉన్నప్పుడు దాని తలుపు అంచు, వెనక డాలా (సరుకు దింపే వెనక తలుపు) కొక్కెం, పక్క కడ్డీ ఏవి ఆ ఎత్తులో ఉన్నాయో రోడ్డు మీద నుంచే చూడండి. వాళ్ల బండిని ముట్టుకోకండి. సరుకు నిండా ఉన్నప్పుడు వ్యాన్ కమానులు (చక్రాల మీది స్ప్రింగు పట్టీలు) కుంగుతాయి కాబట్టి నాలుగైదు సెంటీమీటర్ల తేడా సహజమే. సొట్టలో వేరే రంగు అంటుకుని ఉంటే గోకకుండా, తుడవకుండా ఫొటో తీయండి. మీ బండి రంగు ఆయన వ్యాన్ అంచుకి అంటి ఉంటే అదీ కనిపించినంతవరకు తీసుకోండి. రెండు చోట్లా రంగూ ఎత్తూ కలిస్తే మాట చాలా బలపడుతుంది. ఎనిమిది నెలల్లో ఆ జాడ మిగిలి ఉంటుందన్న నమ్మకం తక్కువ, అయినా చూడటంలో పోయేదేమీ లేదు.

ఆ ఫొటోల్ని వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే తీసిన సమయం, చోటు వివరాలు ఫైల్లోంచి పోతాయి. అసలు ఫైళ్లు ఫోన్లోనే ఉంచి, నకళ్లు డాక్యుమెంటు రూపంలో మీకు మీరే పంపుకోండి. పాలవాడితో గొడవలో చేరమని అడగొద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం చూశాడో నాలుగు వాక్యాలు తెల్లకాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటే సంతకం చేయించుకుంటే చాలు. అతను ఆయన ఇంటికీ పాలు పోస్తూ ఉండొచ్చు, కాబట్టి బలవంతం పెట్టకండి. వీధిలో ఎవరింటికైనా కెమెరా ఉంటే ఈ రోజే వెళ్లి అడగండి. మెమరీ నిండగానే అవి పాతదాన్ని చెరిపేసుకుంటూ పోతాయి, వారం దాటితే చాలా వాటిలో దొరకదు. రికార్డింగు దొరికితే అసలు ఫైలు అలాగే దాచమనండి. రేపు కోర్టులో చూపాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు ఫైలూ, అది ఎవరి దగ్గర ఉందన్న వివరమూ కావాలి.

ఇప్పుడు దెబ్బల్లో వేటికి డబ్బు అడగాలో తేల్చుకుందాం. నిజాయితీగా చూస్తే అద్దం మీద మీ పట్టు గట్టిది, సాక్షి ఉన్నాడు. తలుపు సొట్ట ఎత్తులు కలిస్తే అడగగలరు, కలవకపోతే కష్టం. బంపర్ గీత వదిలేయండి. వీధిలో బైకు హ్యాండిలు గీసి ఉండొచ్చు, ఆటో గీసి ఉండొచ్చు. మూడూ కలిపి అడిగితే ఆయన బంపర్ దగ్గర వాదన మొదలుపెడతారు, ఆ వాదనలో అద్దం కూడా కొట్టుకుపోతుంది. పోయిన ప్రతిదానికీ ఆయన్నే కారణం చేస్తున్నారన్న మాట వీధిలో రాకుండా ఉంటే మీకే మేలు.

ఎస్టిమేటు కాగితం మీద రాయించండి, నోటి మాట పనికిరాదు. పర్లాకిమిడిలోనే పాత మెకానిక్ దగ్గర ఒకటి, వీలుంటే శ్రీకాకుళంలోనో బరంపురంలోనో కంపెనీ సర్వీసు సెంటర్లో ఇంకోటి తీసుకోండి. అద్దం విరిగినప్పుడు ఏ ముక్క పోయిందో చూడండి: లోపలి అద్దం ఒక్కటేనా, పైన ఉండే ప్లాస్టిక్ కవరా, మడిచే కీలుతో సహా మొత్తం అసెంబ్లీయా. మూడింటి ధరా వేరు. అద్దం ఒక్కటే పగిలితే మొత్తం అసెంబ్లీ బిల్లు వేయకండి, అది అన్యాయం. కీలు విరిగి వేలాడుతుంటే మాత్రం అతికించడంతో సరిపోదు, ఆ అతుకు రోడ్డు అదురుకి నిలవదు, అద్దం వణుకుతూ వెనక బండి కనపడనివ్వదు. కరెంటు మోటారుతో తిరిగే అద్దమైతే నాలుగు వైపులా తిప్పి చూడండి. తిరగకపోతే ఆ మోటారు కూడా ఎస్టిమేట్లో రావాలి.

మనిషి దగ్గరికి వెళ్లేది సరుకు దింపే వేళ కాదు, కూలీల ముందు కాదు. సాయంత్రం దుకాణం కట్టేశాక, మీ ఆయనా మావయ్యగారూ ఇద్దరూ వెళ్లడం మంచిది. ఆ తగాదా వద్దంటున్న మావయ్యగారే మాట మొదలుపెడితే ఇంకా బాగుంటుంది. పెద్దాయన వచ్చి అడిగితే గొంతు పెంచడం కష్టం. చెప్పాల్సింది చెప్పి వచ్చాక, అదే రాత్రి అదే మాట ఫోన్లో రాసి పంపండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"భాయినా, నమస్తే. 12వ తారీఖు ఉదయం ఏడు గంటలప్పుడు సరుకు దింపుతుంటే మీ వ్యాన్ తగిలి మా కారు కుడి అద్దం విరిగింది. ఫొటోలూ, షెడ్డు ఎస్టిమేట్ కాగితమూ పంపుతున్నాను, 3,000 రూపాయలు రాశారు. వచ్చే ఆదివారంలోగా ఇవ్వగలరు. మీకు తెలిసిన మెకానిక్ చేత వేయించినా మాకు సమ్మతమే, కంపెనీ అద్దమే అయితే చాలు. ఇకమీదట వ్యాన్ వచ్చేముందు ఒక్క ఫోన్ చేస్తే కారు ముందుకి జరుపుతాం."

తారీఖూ, డబ్బూ మీవి వేసుకోండి. ఒడియాలో రాయడం ఆయనకి సుళువైతే ఒడియాలోనే రాయండి. ఈ సందేశంలో పాత సొట్టల ప్రస్తావన, "ఎన్నిసార్లు చెప్పాం" లాంటి మాటలు, పోలీసుల పేరు ఉండకూడదు. ఈ సందేశానికి ఇంకో పని కూడా ఉంది. ఇలా చేస్తే మీ బండికి నష్టం జరుగుతోందని రాతపూర్వకంగా తెలిశాక కూడా అదే చోట అదే రకంగా ఆపి మళ్లీ గీస్తే, "తెలియక జరిగింది" అన్న మాట ఆయనకి బలంగా నిలవదు. ముందు చెప్పిన 324వ సెక్షన్‌లో తెలిసి చేయడం కూడా ఉందని గుర్తుంచుకోండి.

"రోడ్డు మీద పెట్టుకుంటే తగలదా" అన్న దానికి సమాధానం ఇది. ఆ రోడ్డు మీదీ కాదు, ఆయనదీ కాదు. మీ గోడ పక్కనని ఆ చోటు మీది అయిపోదు. కానీ ఆగి ఉన్న బండిని గుద్దే హక్కు కూడా ఎవరికీ లేదు. నడిపేవాళ్లే చూసుకుని నడపాలి. మీ కారు ఎవరి గేటుకీ అడ్డంగా, మలుపు దగ్గర, ఎదురుగా ఆగిన ఇంకో బండికి ఎదురుబొదురుగా లేకుండా చూసుకోండి. అలా ఉందని తేలితే తప్పు మీ మీదకి కూడా కొంత వస్తుంది. అడ్డంగా నిలిపిన బండికి మోటారు వాహనాల చట్టం కింద జరిమానా పడే వీలుంది.

ఆయన ఇస్తే ఎలా పుచ్చుకోవాలో చూద్దాం. ఫోన్‌పేలో తీసుకుంటే వివరంలో "కుడి అద్దం" అని రాయించండి. నగదు అయితే రసీదు ఇవ్వండి, 5,000 దాటితే ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. రసీదులో "ఫలానా తారీఖున విరిగిన కుడి అద్దం నిమిత్తం" అని మాత్రమే రాయండి. "అన్ని లెక్కలూ పూర్తిగా ముట్టాయి" అని రాసిస్తే తలుపు గురించి ఇక నోరెత్తలేరు. ఇంకో సంగతి, ఒకే దెబ్బకి ఆయన దగ్గరా ఇన్సూరెన్సు దగ్గరా రెండుచోట్లా పుచ్చుకోకూడదు. అది మోసం, క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి చేతికిచ్చిన కారణం అవుతుంది.

ఇన్సూరెన్సు పెట్టుకోవాలా అన్నారు. మీ విషయంలో వద్దనే మా సలహా. ఎందుకో లెక్క వేసి చూపిస్తాం, అంకెలు ఉదాహరణకే. తలుపు సొట్ట కూలి 1,500, దాని రంగు 4,000, బంపర్ రంగు 3,500, అద్దం అసెంబ్లీ 3,000. మొత్తం 12,000 రూపాయలు. ఎనిమిది నెలల్లో మూడు వేర్వేరు రోజుల్లో తగిలిన దెబ్బలు కాబట్టి కంపెనీ వీటిని మూడు క్లెయిములుగా చూస్తుంది. 1,500 సీసీ లోపు కారుకి ఒక్కో దానికి తప్పనిసరి కోత 1,000 రూపాయలు, అంటే మూడు వేలు. ప్లాస్టిక్ భాగానికి 50 శాతం తరుగు (పాతబడినందుకు కోసే విలువ), అద్దం అసెంబ్లీలో 1,500 పోతుంది. రంగు బిల్లులో నాలుగో వంతుని సామగ్రి కింద లెక్కేసి దానిలో సగం కోస్తారు, 7,500 మీద సుమారు 940. చేతికి వచ్చేది దాదాపు 6,560.

పోయేది నో క్లెయిమ్ బోనస్. క్లెయిము లేకుండా మూడేళ్లు నడిచినందుకు మీకిప్పుడు 35 శాతం తగ్గింపు ఉండాలి. ఈ ఏడు కూడా దాటితే 45, ఆపైన 50. క్లెయిము పెట్టగానే సున్నాకి పడి, 20, 25, 35, 45, 50 అని మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. తేడాలు వరసగా కూడితే 45, 30, 25, 15, 5, మొత్తం 120 శాతం. సొంత నష్టం ప్రీమియం, తగ్గింపు వేయక ముందు, 8,000 అనుకుంటే అయిదేళ్లలో 9,600 రూపాయలు. కారు పాతబడే కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం కొంచెం తక్కువే కావచ్చు, అయినా 6,560 కోసం ఇచ్చుకునేది కాదు. తరుగు కోత లేని జీరో డెప్ పాలసీ ఉన్నా వచ్చేది తొమ్మిది వేలే. బోనస్‌ని కాపాడే అదనపు కవరు మీ పాలసీలో ఉందేమో మాత్రం ఒకసారి చదవండి, ఉంటే ఈ లెక్క మారిపోతుంది. మూడు దెబ్బల్నీ ఒకే రోజు తగిలినట్టు చెప్పి ఒక్క క్లెయిముగా పెట్టమని ఎవరైనా ఏజెంటు సలహా ఇస్తే వినొద్దు. పాత దెబ్బలో దుమ్ము, తుప్పు ఉంటాయి, నష్టం అంచనాకి వచ్చే సర్వేయరు చూడగానే పట్టుకుంటాడు. ఎప్పుడైనా పెద్ద నష్టం జరిగి నిజంగా క్లెయిము పెట్టాల్సి వస్తే, అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, సర్వేయరు చూసేదాకా ఏ భాగమూ విప్పించకండి.

ఆయన ససేమిరా అంటే? అప్పుడు ఆంధ్రా నంబరు ప్రశ్న వస్తుంది. మీకు చెప్పినవాళ్లు పొరబడ్డారు. దెబ్బ తగిలింది పర్లాకిమిడిలో, మీరుండేది పర్లాకిమిడిలో, ఆయనుండేదీ అక్కడే. బండి నంబరు ఏ రాష్ట్రానిదన్నది ఫిర్యాదుకి గానీ దావాకి గానీ అడ్డు కాదు. బండి ఇన్సూరెన్సు దేశమంతా చెల్లుతుంది. వాహనం వల్ల ఇతరుల ఆస్తికి జరిగిన నష్టానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ని ఆశ్రయించవచ్చు, ప్రమాదం జరిగిన చోట గానీ మీరుండే చోట గానీ ఆయనుండే చోట గానీ. థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల దాకా రక్షణ ఉంటుంది. చట్టంలో ట్రిబ్యునల్‌కి గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. అంటే ఆ గడువు లెక్కన తలుపు సొట్టకి ఆ దారి మూసుకుపోయింది, అద్దానికి తెరిచే ఉంది. కానీ మూడు వేల అద్దానికి ట్రిబ్యునల్ ఎక్కమని మేము చెప్పం. వకీలు ఖర్చే అంతకు మించుతుంది. కారు పక్క మొత్తం నొక్కుకుపోయినప్పుడు ఈ దారి గుర్తుపెట్టుకోండి.

చిన్న మొత్తాలకి సరైన చోటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. గజపతి జిల్లాది మీ పర్లాకిమిడిలోనే ఉంది. కేసు వేయకముందే రాజీ కోసం అక్కడ అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు లేదు. వాళ్లు ఆయనకి నోటీసు పంపి పిలుస్తారు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే దానికి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. మీరు మహిళ కాబట్టి, ఆదాయంతో పని లేకుండా 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయసాయం పొందే హక్కుంది, కాబట్టి అర్జీ మీ పేరుతోనే పెట్టండి. కారు మీ ఆయన పేరు మీద ఉంటే ఆయన చేతనే పెట్టించాలి, ఆర్‌సీ మీద పేరు చూసుకోండి. ముందుగా అడిగి తెలుసుకోవాలంటే 15100కి ఫోన్ చేయొచ్చు. తలుపు సొట్టకి కూడా ఈ చోటే మంచిది, సివిల్ దావాకి మూడేళ్ల గడువుంది కాబట్టి తొందర లేదు.

పోలీసుల విషయానికొస్తే, ఇంత చిన్న నష్టంలో వాళ్ల చేతిలో ఏముందో ముందే తెలుసుకుని వెళితే నిరాశ ఉండదు. లక్ష లోపు నష్టం కేసులో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం మీ ఫిర్యాదు సారాంశం డైరీలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. దీన్నే మన దగ్గర "కేసు కట్టలేదు" అంటారు. అయినా ఆ డైరీ నంబరుకి విలువ ఉంది, అది తారీఖుతో సహా ప్రభుత్వ పుస్తకంలో పడిన మాట. ఒడియాలో ఒక పేజీ రాయించి రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, నంబరు వేయించుకోండి. ఇతరుల ఆస్తికి నష్టం చేసిన డ్రైవరు 24 గంటల్లోగా స్టేషన్లో చెప్పాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఉంది, ఫిర్యాదులో ఆ మాటా రాయొచ్చు. ఇదంతా రెండో మెట్టు. మొదటిసారే స్టేషన్‌కి వెళితే ఆయనతో మాట ఇక కుదరదు, వీధిలో పక్కపక్కనే ఉండాల్సింది మీరిద్దరే. బెదిరింపులూ తిట్లూ మొదలైనా, కావాలనే గీశారని కెమెరాలో పడినా మాత్రం ఆగొద్దు, 112కి ఫోన్ చేయండి.

ఒక ఆయుధం ఉంది, వాడొద్దు. వేరే రాష్ట్రంలో రిజిస్టరయిన బండిని పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. పాతపట్నం అవతలే ఉన్న ఊళ్లో ఏపీ 30 బళ్లు లెక్కలేనన్ని తిరుగుతాయి. మీరు ఆర్టీవోకి ఫిర్యాదు చేస్తానంటే ఆయన ఒక్కడే కాదు, వీధిలో సగం మంది మీకు ఎదురవుతారు. అద్దం డబ్బు కోసం అడగని విషయం ఎత్తి బెదిరించడం న్యాయంగానూ ఉండదు. ఆయన బండికి ఇన్సూరెన్సు ఉందో లేదో మాత్రం ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూసుకోండి, అది మీ ఎరుక కోసం.

ఇక మళ్లీ తగలకుండా చూడటం. ఇందులో తప్పు ఎవరిదన్నది పక్కన పెట్టి కొలతలు చూడండి. పద్నాలుగు అడుగులంటే 4.27 మీటర్లు. చిన్న కారు 1.65 మీటర్లు, గోడవార కాలువకి ఒక అడుగు పోగా వీధి మిగిలేది 2.3 మీటర్లు. వ్యాన్ ఒళ్లు మీటరున్నర. మధ్యలో ఆపితే రెండు వైపులా కలిపి మిగిలేది 80 సెంటీమీటర్లు, ఒక్కో వైపు 40. ముందు తలుపు పూర్తిగా తెరవాలంటే దాదాపు 80 కావాలి. కాబట్టి మీ కారు పక్కన ఆపి ఇటువైపు తలుపు పూర్తిగా తెరిస్తే తగలక తప్పదు, ఆయన ఎంత మంచివాడైనా సరే. వ్యాన్ మీ కారుకి వెనకో ముందో ఆగితే సమస్యే లేదు. సరుకు వెనక డాలా నుంచి దింపుతారు కాబట్టి ఆయనకి పక్కన చోటు అక్కర్లేదు కూడా. అందుకే ఆయన్ని "జాగ్రత్తగా ఉండండి" అని కాక, "మా కారు వెనక చక్రం దాటి ముందుకి రాకుండా ఆపండి" అని అడగండి. వీలైతే గోడ మీద సున్నంతో గుర్తు గీయండి. కూలీలు మారుతుంటారు, మాట మరిచిపోతారు, గుర్తు కనపడుతుంది.

మీ వైపు నుంచి, ఎడమ చక్రాలు కాలువ అంచుకి నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చేలా పెట్టి, స్టీరింగు తిన్నగా ఉంచండి. వంకరగా వదిలిన ముందు చక్రం వీధిలోకి పొడుచుకొస్తుంది. కుడి అద్దం ప్రతి రాత్రీ మడవండి, జానెడు చోటు మిగులుతుంది. తలుపులకి అతికించే రబ్బరు పట్టీలు దెబ్బ సరిగ్గా పట్టీ మీదే తగిలితేనే పనికొస్తాయి. అందుకే ముందు కొలిచిన ఎత్తులోనే అంటించండి, కంటికి బాగుందని మధ్యలో కాదు.

కెమెరా పెట్టించుకుంటే తొమ్మిది పది అడుగుల ఎత్తున, కారు పొడవునా పడేలా పక్కకి తిప్పండి. వీధికి ఎదురుగా పెడితే తెల్లవారుజాము హెడ్‌లైట్ల వెలుగులో నంబరు తెల్లగా మెరిసి చదవడానికి రాదు. ఆయన వాకిలీ కిటికీలూ ఫ్రేములో పడకూడదు, ఒకసారి పిలిచి తెరమీద చూపించండి, అనుమానం పోతుంది. కారు లోపలి డాష్‌క్యామ్ ఆగి ఉన్నప్పుడు కూడా పనిచేయాలంటే బ్యాటరీకి కలిపే కిట్ వేయించాలి. అందులో వోల్టేజి కోత 12 కన్నా పైనే పెట్టించండి. నిండిన బ్యాటరీ 12.6 చూపిస్తుంది, 12 కన్నా కిందకి జారితే పొద్దున్న బండి స్టార్టు కాకపోవచ్చు. వారానికి రెండుసార్లే తీసే కారుకైతే ఇది మంచిది కాదు, గోడ కెమెరాయే నయం.

డబ్బు తేలేదాకా రంగు వేయించకండి, వేయించేస్తే ఆధారం పోతుంది. కానీ అప్పటిదాకా కారు పాడవకుండా చూడాలి. గోరు గీత మీద అడ్డంగా నడిపి చూడండి. తట్టకపోతే అది పై మెరుపు పొరలోనే ఉంది, రబ్బింగ్ కాంపౌండు మెత్తని గుడ్డతో పట్టిస్తే పోతుంది. బంపర్ గీత అలాంటిదే కావచ్చు, షెడ్డుకి ఇచ్చే ముందు ఇది చేసి చూడండి. అక్కడే ఎక్కువసేపు రుద్దొద్దు, మెరుపు పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. గోరు తట్టి, అడుగున నల్లని ప్లాస్టిక్ కనపడితే తుప్పు భయం లేదు, నిదానంగా రంగు వేయించవచ్చు.

తలుపు ఇనుము. సొట్టలో రంగు పగలకుండా, గుండ్రంగా, పలక మధ్యలో ఉంటే రంగు జోలికి పోకుండా లోపలి నుంచి నెట్టి సరిచేసేవాళ్లు ఉంటారు, అది చవక, అసలు రంగు నిలుస్తుంది. సొట్ట తలుపు పొడవునా ఉండే గీటు మీదో అంచు మీదో పడితే అలా రాదు, కొట్టి లప్పం పెట్టి రంగు వేయాల్సిందే. లప్పం పల్చగా ఉండాలని, రెండు మూడు మిల్లీమీటర్లు దాటొద్దని మేస్త్రికి ముందే చెప్పండి. సొట్టని సరిగ్గా లాగకుండా లప్పంతో నింపేస్తే ఏడాది తిరక్కుండా బీటలు వారి ఊడుతుంది. వెండి రంగు లాంటి మెరుపు రంగయితే తలుపు ఒక్కటే వేస్తే పక్క పలకతో కలవదు, రంగు అంచుని వెనక పలకలోకి కలుపుతూ పోవాలి. ఆ కూలి ఎస్టిమేట్లో విడిగా రాయించండి, లేకపోతే తర్వాత ఆయన్ని మళ్లీ అడగాల్సి వస్తుంది. సొట్టలో ఇనుము తెల్లగా బయటపడి ఉంటే, ఫొటోలు తీశాక, 400 నంబరు నీటి గరుకు కాగితంతో (వాటర్ పేపరు) ఆ చుక్కని మాత్రం తేలికగా రుద్ది, తుడిచి ఆరబెట్టి, సన్నని కుంచెతో ప్రైమరు ఒక్క పూత వేయండి. వానాకాలంలో బయటపడ్డ ఇనుము రెండు మూడు రోజుల్లోనే ఎర్రబారుతుంది, ఆ తుప్పు రంగు అడుగున పాకి సొట్ట కన్నా నాలుగింతలు పలక పాడుచేస్తుంది. ఎనిమిది నెలలయింది కాబట్టి ఇప్పటికే ఎర్రబారి ఉంటే తుప్పుని ప్రైమరు కింద దాచొద్దు, పూర్తిగా గీకించి మెరిసే ఇనుము కనపడ్డాకే పూత వేయించండి.